బొటనవేలి పసుపు

పద్మమ్మ ముక్కుకు సిద్దిపేట బజారులో పేరుంది. కొత్త కందిపప్పు బస్తా విప్పితే అది ఎన్నాళ్లు గోదాములో మగ్గిందో వాసన పట్టి చెప్పేస్తుందని ఆమె భర్త కాశీనాథం తన కిరాణా దుకాణంలో పదిమంది ముందు అంటుంటాడు. పొగుడుతున్నాడో దెప్పుతున్నాడో తేలకుండా అంటాడు. అలాంటి మనిషి ఇంట్లో, అందులోనూ శ్రావణమాసం రెండో వారంలో, పెరటి గదిలోంచి ఏదో ఉడుకుతున్న వాసన వస్తే ఊరుకుంటుందా?

మరీ ఘాటైన వాసనేమీ కాదు. వానకు తడిసిన తోలుచెప్పుల వాసనలాంటిది, వెచ్చగా, కొంచెం నీచుగా. వచ్చినట్టే వచ్చి పోయింది. పద్మమ్మకు ఆ మాత్రం చాలు.

పెరటి గదిలో కిరాయికి ఉండేది సుగుణ. బాలికల బడిలో డ్రాయింగ్ టీచరు. ముప్పై రెండేళ్లు. పెళ్లి కాలేదు, ఎందుకు కాలేదో చెప్పదు. తల్లి లేదు, తండ్రి మగ్గం వదిలి భివండి పోయి అక్కడే ఉండిపోయాడు. ఎనభై ఎనిమిది జూన్‌లో ఒక ట్రంకుపెట్టె, ఒక చాప, ఒక కిరసనాయిలు స్టవ్వు తెచ్చుకుని వచ్చింది. అప్పటికే తొమ్మిది ఇళ్లు తిరిగింది. ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వం అని తొమ్మిది ఇళ్లవాళ్లూ మాట్లాడుకున్నట్టు ఒకే మాట చెప్పారు. పద్మమ్మ మాత్రం ఒక షరతు మీద ఇచ్చింది.

"మేం కోమట్లం. నీసు ముట్టం. మా వాకిట్ల గుడ్డు పెంకు కనబడ్డా సరే, గా దినమే నీ పెట్టె బయట పెడ్త. మల్ల ఏడిస్తే నేను వినేదాన్ని గాదు."

"సరేనమ్మా," అంది సుగుణ.

ఆ సరే అన్న తీరే పద్మమ్మకు నచ్చలేదు. మరీ తొందరగా అంది. దాచేదేమీ లేనివాళ్లు కాస్త బేరమాడతారు కదా.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం అయింది. వాయనాలు పుచ్చుకున్న ముత్తైదువలు వెళ్లిపోయారు. సుగుణ బడికి పోయింది, కాశీనాథం దుకాణంలో ఉన్నాడు. పద్మమ్మ చేతులకు పసుపు ఇంకా తడిగానే ఉంది. బొడ్లో చాబీల గుత్తి ఉంది. పెరటి గది తాళం ఇంటిదే, రెండు చాబీల్లో ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది. సొంత ఇంటిని సొంతంగా చూసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? అలా అని తనకు తాను రెండుసార్లు చెప్పుకుని, అటూ ఇటూ చూసి, తాళం తీసింది.

గది కడిగిన పళ్లెంలా ఉంది. స్టవ్వు దగ్గర చీకిన బొక్క లేదు, చేప పొలుసు లేదు, మసాలా మరక కూడా లేదు. పద్మమ్మకు నిరాశ కలిగింది. మంచి మనిషి కాబట్టి ఆ నిరాశకు కొంచెం సిగ్గుపడింది కూడా. అప్పుడు కనబడింది, గూట్లో తడిబట్ట కప్పిన స్టీలు ట్రే.

బట్ట తీసింది. రెండు వేళ్ల మందాన, పలచటి తేనె రంగులో, అద్దంలా గడ్డకట్టి ఉంది. ట్రే కదిపితే సన్నగా వణికింది. ఓస్, ఇదా! చైనా గ్రాస్. సముద్రపు నాచుతో చేసే శాకాహారం, కాశీనాథం దుకాణంలో రంజాన్ నెలలో కట్టలకు కట్టలు అమ్ముడుపోయే సరుకే. ఎండాకాలం పాలల్లో వేసి పద్మమ్మ కూడా చేస్తుంది. అయినా చూసి నమ్మే మనిషి కాదు ఆమె. మూల మీద బొటనవేలు ఆనించి, గోటితో చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. చివర్లో దవాఖాన వాసన ఒకటి నాలుక మీద నిలిచింది గానీ అప్పటికే మింగేసింది.

బయటికి వచ్చి తాళం వేశాక కుదురుగా ఉండాల్సింది. నీచు కాదని తేలిపోయింది కదా! కానీ అనుమానం వాకిట్లోంచి వెళ్లగొడితే పెరట్లోంచి వచ్చే రకం. ఒక్కతే ఉండే మనిషి అంత ట్రేనిండా మిఠాయి ఎవరికోసం చేసింది? చేసింది దాచడమెందుకు? ఎల్లుండి ఆదివారం ఎవడొస్తాడు?

ఆదివారం పద్మమ్మ వసారాలో చేట ముందేసుకుని కూర్చుంది. రెండు సేర్ల బియ్యంలో రాళ్లేరడానికి మూడు గంటలు పట్టించింది. మగపురుగు రాలేదు. లోపలి నుంచి మాత్రం ఏదో దొర్లిస్తున్న చప్పుడు, ఆగి ఆగి వస్తోంది. ఇక ఉండబట్టలేక గిన్నెలో మజ్జిగ పోసుకుని, అది ఇచ్చే నెపంతో తలుపు నెట్టింది.

సుగుణ నేలమీద కూర్చుని ఉంది. ముందు ఆ ట్రే. రబ్బరు రోలరుతో ఆ మిఠాయి మీద నల్లటి రంగు పూస్తోంది. తినేదాని మీద రంగేందే పిల్లా అని నోటిదాకా వచ్చిన మాటను పద్మమ్మ మజ్జిగలాగే చిలికి మింగేసింది.

"ఏంది టీచరమ్మా గిది?"

"అచ్చు తీస్తున్ననమ్మా. కూసోండ్రి," అంది సుగుణ. వాకిట్లోంచి తెంపుకొచ్చిన ఆముదపాకును రంగు మీద బోర్లా పరిచింది. దానిమీద తెల్ల కాగితం వేసి అరచేత్తో మెల్లగా రుద్దింది. కాగితం లేపితే చుట్టూ నలుపు, మధ్యలో తెల్లగా ఆకు ఆకారం. బాగానే ఉందనుకుంది పద్మమ్మ, ఇందులో ఏముందని కూడా అనుకుంది. అప్పుడు సుగుణ రెండు వేళ్లతో ఆకు తీసేసి, ఆకు ఉన్న చోట ఇంకో కాగితం పరిచి మళ్లీ రుద్దింది. ఈసారి లేపిన కాగితం మీద ఆకు లేదు, ఆకులోని ప్రతి ఈనె ఉంది. నడుమ ఈనె నుంచి పిల్ల ఈనెలు, వాటి నుంచి వెంట్రుకల్లాంటివి, ఒక్కటీ తప్పకుండా. ఇన్నేళ్లుగా వాకిట్లో చూస్తున్న ఆముదం చెట్టు లోపల ఇంత పని ఉందా! పద్మమ్మ ఒళ్లు జలదరించింది.

"గీ ముద్ద మెత్తగుంటది, ఏది తాకినా పట్టుకుంటది," అంది సుగుణ. "మా కాలేజీల సార్లు దీనిమీదనే పరీక్ష పేపర్లు తీసేటోళ్లు. నేను ఆకులు తీస్త. ఆదివారం ఆదివారం ఏడు అచ్చులు."

"అమ్ముతవా?"

"లేదమ్మా."

"బడిల చూపిస్తవా?"

"చూపియ్య."

"మరెందుకే?"

సుగుణ కాగితం వెనక పెన్సిలుతో తారీఖు రాసుకుంటూ నవ్వింది. "వారమంత పిల్లలకు గీత గియ్యి, సున్న గియ్యి అని చెప్త. ఆదివారం ఒక్కటే నాది."

లాభం లేని పనిని వారం వారం చేసే మనిషిని వ్యాపారస్థుల ఇంట పుట్టి వ్యాపారస్థుల ఇంట మెట్టిన పద్మమ్మ ఎన్నడూ చూడలేదు. దీని వెనక ఏదో ఉండి తీరాలి. అలా అనుకుంటూనే ఆరవేసిన కాగితాల వైపు చూసింది. ప్రతి కాగితంలోనూ కింది మూల కొరికినట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ పక్కన, పచ్చగా, బొటనవేలంత మరక.

"గదేంది?" అని అడగకుండా ఉండాల్సింది, అడిగేసింది.

"నాకు గూడ సమజైతలేదమ్మా. ముద్దల పసుపు ఇంకింది, కడిగినా పోతలేదు. ఏ కాగితమేసినా అచ్చు పడుతున్నది." సుగుణ తల ఎత్తింది. "నేనైతే పసుపు వాడను."

ఆమె చూపు పద్మమ్మ చేతుల మీద ఆగింది. పద్మమ్మ చెయ్యి కొంగులోకి పోయింది. మజ్జిగ అక్కడే పెట్టి, పాలు పొంగుతున్నాయంటూ వచ్చేసింది. ఇంట్లో పొయ్యే వెలిగించలేదు.

సోమవారం పొద్దున పెరటి గదికి కొత్త తాళం పడింది. ఇత్తడిది, పిడికిలంత ఉంది. పద్మమ్మకు ఒళ్లు మండిపోయింది.

"చూసిన్రా? మనమేమన్న దొంగలమా? మనింటికి మనకే తాళమా?" అని కాశీనాథం మీద విరుచుకుపడింది.

"ఆమె పైసలతోని ఆమె కొనుక్కున్నది. నీకేం నొప్పి?" అన్నాడాయన పేపరులోంచి తల తీయకుండా.

నొప్పి ఏమిటో చెప్పగలిగితే చెప్పేదే. చెప్పలేని నొప్పి లోపలే తిరిగింది. పరీక్ష పేపర్లు తీస్తారని ఆ పిల్లే కదా అంది, క్వార్టర్లీ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పేపర్లు అచ్చేసి పిల్లలకు అమ్ముతోందా? అదీ కాకపోతే ఆకులు కోసుకొచ్చి ఆ ముద్దకు అద్దడమేమిటి? చుట్టుపక్కల ఊళ్లలో బాణామతి, చేతబడి అని చెప్పుకుని జనం వణికిపోతున్న రోజులు. ఒక మధ్యాహ్నం కునుకు పడుతుండగా పద్మమ్మకు ఒక ఆలోచన వచ్చి లేచి కూర్చుంది. ఆ కాగితాల మీద ఉన్నది తన వేలు. ఆదివారానికి ఏడు వేళ్లు. నెలకు ఎన్ని? తన వేలిముద్రలు అన్నేసి పెట్టెలో దాచుకుని ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆ సాయంత్రం తలనొప్పి వచ్చింది. రెండ్రోజులకు నడుం పట్టింది. రెండూ ప్రతి వానాకాలం వచ్చేవే, కానీ ఈసారి వాటికి కారణం దొరికింది.

అప్పటి నుంచి ఇద్దరూ వాకిట్లో ఎదురుపడితే పలకరింపులు మరీ మర్యాదగా సాగాయి. "తిన్నవా బిడ్డా?" "తిన్ననమ్మా, మీరు?" ఆ తర్వాత ఒకరి చేతులు ఒకరు చూసుకునేవారు.

వినాయకచవితి వెళ్లిన మరుసటి ఆదివారం, వానలకు ఉబ్బి బిగుసుకుపోయిన వసారా తలుపును చిత్రిక పట్టడానికి వడ్రంగి రాజమల్లయ్య వచ్చాడు. పద్మమ్మ ఇంట్లో చెక్కతో చేసిందేదైనా ఆయన చేతిదే. పని మధ్యలో ఆగి గాలిలోకి మొహమెత్తాడు. పెరటి గదిలోంచి శ్రావణంనాటి వాసనే మళ్లీ వస్తోంది, ఈసారి ఇంకా గట్టిగా.

"టీచరమ్మ సరేసు కాస్తున్నట్టుంది. బల్లగిట్ల అతికిస్తదా?" అన్నాడు.

"సరేసేంది?" అంది పద్మమ్మ.

"మేం కట్టె అతుకులకు వాడేది. నీళ్లల్ల నానబెట్టి కాస్తే కరుగుతది, సల్లారితే గడ్డకడ్తది. ఆమెది జర మంచి రకం అయ్యుంటది, పట్నంల దొరికేది. వాసన మాత్రం గదే."

"చెట్టు బంకే కద?"

"బంక గాదమ్మా. బొక్కలు, తోళ్లు ఉడికిస్తే వచ్చేది." ఆమె మొహం చూడకుండా పనిలో పడి చెప్పుకుపోయాడు. "గట్టిగ పడ్తది. మీ దేవుని అర్రల పెట్టిన చెక్క మంటపం చూడున్రి, పదేండ్లాయె, ఒక్క అతుకన్న ఊడిందా? సరేసే."

ఒక్క క్షణంలో పద్మమ్మ మీద అన్నీ వచ్చిపడ్డాయి. వ్రతం నాడు, పసుపు చేతులతో, అమ్మవారికి నైవేద్యం పెట్టి గంట గడవకముందే తను తిన్నది ఎముకల ముద్ద. మూడు వారాల కిందటి మాట. ఆ నోటితోనే రోజూ స్తోత్రాలు చదివింది. వినాయకుడికి ఉండ్రాళ్లు చేసింది. పెరట్లోకి పరుగెత్తి గొంతులో వేలు పెట్టుకుంది, వాంతి కాలేదు. మూడు వారాల కిందట తిన్నది ఇప్పుడెక్కడ దొరుకుతుంది?

ఎవరికి చెప్పుకోవాలి? పంతులుకు చెబితే ప్రాయశ్చిత్తం చెబుతాడు, దాంతోపాటు ఎట్లా తిన్నావమ్మా అని అడుగుతాడు. పరాయి గదిలో దొంగతనంగా దూరి, పరాయి గిన్నెలోది గిల్లి తిన్నానని చెప్పాలి. వాయనం ఇచ్చిన ఇళ్లన్నీ ఆ మాటను పంచుకుంటాయి. ఆ పిల్ల నోరు విప్పకముందే ఇంట్లోంచి పంపేయాలి, అంతే. కళ్లు తుడుచుకుని నేరుగా పెరటి గదికి పోయింది. రాజమల్లయ్య తలుపుకు కొట్టే మొలలు అయిపోయాయంటూ కాశీనాథం దుకాణానికి బయల్దేరాడు. ఆ సంగతి ఆమె గమనించలేదు.

సుగుణ స్టవ్వు మీద గిన్నెలో గిన్నె పెట్టి ఏదో కరిగిస్తోంది. పాత ముద్ద అరిగిపోయినట్టుంది, ముక్కలు పక్కన పేపరులో ఉన్నాయి.

"టీచరమ్మా, దసరా లోపల గది ఖాళీ చెయ్యాలె. మా చెల్లె కొడుకు వస్తుండు."

సుగుణ స్టవ్వు ఆర్పింది. తొమ్మిది ఇళ్లు మళ్లీ తిరగాలి, ఈసారి ఒక ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషిగా తిరగాలి. అది ఆమె మొహంలో కనబడింది. కనబడుతున్నా పద్మమ్మ మొహం తిప్పుకుంది.

సుగుణ ట్రంకుపెట్టె తెరిచి కాగితాల కట్ట తీసి చాప మీద పరిచింది. మోదుగ, తంగేడు, చింతరెమ్మ, గునుగు. అన్నింటిలోనూ మూల ఖాళీగానే ఉంది, పచ్చటి వేలు ఉంది. మొదటి ఆదివారానిది ముదురు పసుపు, పోను పోను లేత పడింది.

"ఇది మీ వేలేనని మొదటి దినమే అర్థమైందమ్మా," అంది. "అడుగుదమనుకున్న. అడిగితే గది పోతదని భయపడ్డ. తాళమొక్కటి కొనుక్కున్న. ఇప్పుడు గదెట్లాగు పోతున్నది కాబట్టి అడుగుతున్న. ఆ ముక్క కోసుకపోయి ఎవరికి చూపిచ్చిన్రు? మా హెడ్మాస్టరమ్మకా? పోలీసులకా? నేను రోజు బడికి పోంగ ఎవరన్న పిలుస్తరేమో, ఏమన్న అడుగుతరేమోనని పానం అరచేతుల పెట్టుకొని తిరిగిన. చెప్పున్రి, నేనేం తప్పు చేసిన?"

పద్మమ్మ చాప మీది పచ్చటి వేళ్లకేసి చూసింది. తను ఈ పిల్లకు భయపడుతుంటే ఈ పిల్ల తనకు భయపడుతూ తిరిగిందా?

"ఎవ్వలికి చూపలే," అంది చివరికి. "తిన్న."

"ఏంది?"

"తిన్న. మిఠాయనుకొని నోట్లె ఏసుకున్న."

సుగుణ మొహంలో రంగు మారింది. గబుక్కున లేచి వచ్చి పద్మమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మో! ఎంత తిన్నరు? కడుపుల నొచ్చిందా? వాంతులైనయా? దాంట్ల తియ్యటి గ్లిజరిన్ కలిపిన, బూజు పట్టకుండ మందు చుక్కలేసినమ్మా, సైన్సు సారునడిగి తెచ్చిన. దవాఖానకు పోయిన్రా లేదా?"

"గోరంత ముక్కనే. ఏం గాలే."

"ఏం గాకపోవుడేంది? అప్పుడే చెప్పద్దా? మీకేమన్న అయితే నేనేం గావాలె!"

ఆ చేతులు పట్టు వదల్లేదు. పద్మమ్మ జన్మలో చాలా చేతుల్ని అనుమానించింది. త్రాసు పట్టిన చేతుల్ని, పాలు పోసే చేతుల్ని, అంట్లు తోమే చేతుల్ని. ఈ చేతుల్ని అనుమానించడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. ఇంక ఒక్క ఆశ మిగిలింది. అది అడగాలంటే భయం వేసింది.

"సుగుణా, ఒక్క మాట చెప్పు బిడ్డా. అది చైనా గ్రాసే కద? మల్లయ్య ఏదో కూస్తుండు. చైనా గ్రాసే అని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముత."

అబద్ధం చెబితే సుగుణ గది నిలబడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సుగుణ పద్మమ్మ చేతులు మెల్లగా వదిలేసింది.

"చైనా గ్రాస్ తోని గూడ చేసి చూసినమ్మా, పగిలిపోతది. ఇది జెలటిన్. బొక్కలదే. మీరు నీసు ముట్టరని తెలుసు. వండుడు లేదు, తినుడు లేదు కద అనుకున్న. చెప్తే గది ఇయ్యరని చెప్పలే. గా ఒక్క తప్పు చేసిన."

పద్మమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నిజం చెప్పుమని ఎవరడిగిన్రే నిన్ను!" అని చాప మీద కూలబడింది. నెల రోజులుగా ఈ పిల్ల నోటి నుంచి నిజం లాగాలని చూసింది. ఒక్క అబద్ధం చెప్పవే అని కాళ్లావేళ్లా పడే రోజు వస్తుందని ఎవరనుకున్నారు? తన గూడు పోతుందని తెలిసి కూడా అబద్ధమాడని మనిషి, అచ్చులు నాకోసమే తీసుకుంటానని చెప్పినప్పుడు మాత్రం అబద్ధమాడిందా? మిఠాయి తినే మగవాడు లేడు, పేపర్లు కొనే పిల్లలు లేరు, బాణామతి లేదు. ఒక ఆడమనిషి, ఏడు కాగితాలు, ఒక ఆదివారం. అంతే ఉంది ఆ గదిలో మొదటి నుంచీ.

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. కాశీనాథం అన్నం వేళ కాకుండానే వచ్చాడు. గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. కోపిష్టి కాదు గానీ ఆచారం దగ్గర మాట వినే మనిషి కూడా కాదు. ఆయన తల్లి బతికున్నన్నాళ్లూ ఉల్లిగడ్డ కూడా ఇంట్లోకి రానివ్వలేదు.

"మల్లయ్య మొలలకొచ్చి చెప్పిండు. మనింట్ల బొక్కలు కాస్తున్నరంట. దుకాణంల నలుగురు విన్నరు," అన్నాడు. "ఏం టీచరమ్మా, నిజమేనా? ఉన్నదున్నట్టు చెప్పు. నిజమైతే ఇప్పుడే సామాను తీసుకొని పోవాలె."

సుగుణ లేచి నిలబడింది. గోడవైపు చూడలేదు, నేలవైపు చూడలేదు, ఆయన మొహంలోకే చూస్తూ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం వస్తుందో పద్మమ్మకు తెలుసు. ఈ పిచ్చిది చెప్పేస్తుంది.

"చైనా గ్రాస్," అంది పద్మమ్మ. చాప మీద నుంచి లేవకుండానే, గొంతు పెంచకుండానే అంది. "మల్లయ్యకేం తెలుసు? నేను తిని చూసిన."

కాశీనాథం ఆమె వైపు తిరిగాడు. "నువ్వు తిన్నవా?"

"తిన్న. వ్రతం నాడు తిన్న. తియ్యగున్నది."

పక్కింట మంచినీళ్లు తాగాలన్నా గ్లాసు కడిగించి తాగే మనిషి. ఈమె తిన్నానన్నాక ఇంకెవరు ఏమంటారు? కాశీనాథం మొహం తేటపడింది. "నువ్వు తిన్నంక ఇగ ఏమున్నది. దుకాణంల చెప్త," అన్నాడు. "తప్పుగా అనుకోకు టీచరమ్మా," అని సుగుణకు కూడా ఓ మాట చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి బావివైపు వెళ్లాడు.

సుగుణ గోడకానుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పద్మమ్మ ఆమెకేసి చూడలేకపోయింది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన చొక్కా జేబులు తను ఎన్నిసార్లు తడిమిందో లెక్కలేదు. ఆయన మాత్రం తన మాటను ఒక్కనాడూ అనుమానించలేదు. ఇవాళా అనుమానించలేదు. బావి దగ్గర చేద దించిన చప్పుడు వినబడింది. ఆయనకు అన్నం వడ్డించాలి. చేతులు రెండుసార్లు కడుక్కుని పద్మమ్మ వంటింట్లోకి వెళ్లింది.